జాబులకు బదులు రాని ఏడాది

ముప్పై ఎనిమిదేళ్ళుగా ఒక మాటను మోస్తున్నాను. పెద్ద మాట కూడా కాదు. ఒక ముసలాయన అడిగినదానికి నేను చెప్పిన జవాబు, అంతే. ఏడు దేశాల్లో ఉద్యోగం చేసినాను. ఆ మాట అన్నాక ఏ దేశానికి పోయినా అది నాతోనే వచ్చింది.

నా భార్యకు చెప్పలేదు. ఆమె పోయి నాలుగేళ్ళయింది. పిల్లలకు చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు, అందుకే మీకు చెప్పగలననుకుంటున్నాను. మధ్యలో తడబడితే ఏమీ అనుకోవద్దండి. ఇందులో పేర్లు మార్చినాను. నా పేరు రాయడం లేదు. ఇందులో వచ్చే ఒకామె పరువు కోసమే రాయడం లేదని మొదట అనుకున్నాను. నిజమేనా? కాదు. నా పరువు కోసమే. ఇంకా ఆ భయం పోలేదు నాకు.

పాకాలకు దగ్గర్లో ఒకప్పటి చిన్న సంస్థానంలో పుట్టినాను. సంస్థానమంటే మీరు ఏమేమో ఊహించుకోవద్దు. నేను పుట్టేనాటికి ఊర్లు పోయినాయి, పొలాలు చాలావరకు పోయినాయి, మేముండే ఇల్లు మాత్రం మిగిలింది. దాన్ని ఊర్లోవాళ్ళు ఇప్పటికీ నగరు అంటారు. రాజులుండే ఇంటికి మా పక్క ఆ పేరు. దర్బారు హాలును వేరుశెనక్కాయల వ్యాపారికి బాడుగకిచ్చినాము. వాకిట్లో రెండు రాతి ఏనుగులు ఉండేవి. ఒకదానికి తొండం విరిగిపోయింది.

దసరా వస్తే మా నాయన శెనక్కాయల మూటలను ఒక పక్కకు జరిపించి, మిగిలిన జాగాలో కుర్చీ వేయించుకుని కూర్చునేవాడు. ఊరి పెద్దలు పది మంది వచ్చి చేతిలో నిమ్మకాయ పెట్టి దండం పెట్టేవాళ్ళు. చిన్నప్పుడు అది చూస్తే నాకు సిగ్గుతో చచ్చిపోవాలనిపించేది. ఇప్పుడు తలచుకుంటే వేరుగా ఉంటుంది. ఆ మూటల వాసన, ఆ దుమ్ము, దాని మధ్యలో కొత్త కోటు వేసుకుని నిటారుగా కూర్చున్న మా నాయన. ఆ మనిషి మీద ఇప్పుడు పుట్టే ప్రేమలో సగమన్నా అప్పుడు పుట్టుంటే ఎంత బాగుండేది.

ఆ కోటు కుట్టింది దస్తగిరి సాయిబు. చిత్తూరు బజారులో ఒక అరుగు మీద ఆయన మిషను. ఆయన నాయన మా తాతకు కుట్టినాడు, ఈయన మాకు. ఏడాదికి రెండుసార్లు బస్సెక్కి నగరుకు వచ్చేవాడు. మెడలో టేపు, చెవి మీద సుద్దముక్క, చంకలో గుడ్డసంచి. వెంట కూతురు షరీఫా. తల్లి లేని పిల్ల. నాకంటే ఆరేండ్లు చిన్నది. నాయన కొలతలు చెబుతా ఉంటే ఆ పిల్ల పుస్తకంలో రాసుకునేది. పని అయిపోయినాక తొండం విరిగిన ఏనుగు మీదికెక్కి కూర్చుని, మా అమ్మ పెట్టిన పులిహోర తినేది. అందరూ నన్ను చిన్నదొర అంటారని ఆ పిల్లా అట్లే పిలిచేది. ఆ పిలుపులో మర్యాద కంటే వేళాకోళమే ఎక్కువగా వినపడేది నాకు.

తిరపతిలో బి.ఏ. చదివినాను. గుడి ఆఫీసులో పనిచేసే ఒక ఆచార్యులుగారింట్లో గది తీసుకున్నాను. ఆయన తెల్లవారి స్నానం చేసి నామం పెట్టుకుని, ఆఫీసుకు పోయేలోపల నాకు ఒక గంట ఇంగ్లీషు చెప్పేవాడు. పెద్ద పరీక్షలు రాయమని పట్టుబట్టింది ఆయనే. రాసినాను. ఢిల్లీకి ఇంటర్వ్యూకి రమ్మన్నారు. వేసుకోను కోటు లేదు. దస్తగిరి సాయిబుకు కబురు పెడితే, ఆయన మిషనుకు గుడ్డ కప్పి తిరపతికి వచ్చినాడు. ఢిల్లీవాళ్ళు వేసుకునే రకం మెడ మూసిన కోటు ఆయన ఎప్పుడూ కుట్టలేదు. ఎక్కడో ఒక పాతది సంపాదించి, దాన్ని కుట్లు విప్పి ముక్కలు ముక్కలుగా మా గది నేల మీద పరిచి, రెండు రోజులు దాని చుట్టూ తిరిగినాడు. బొత్తాలు కుట్టింది షరీఫా. ఢిల్లీలో ఎవరన్నా ఎక్కడ కుట్టించినారని అడిగితే చిత్తూరని చెప్పమన్నాడు సాయిబు. ఎవరూ అడగలేదు. కానీ తిరిగొచ్చినాక, అడిగినారు అని చెప్పినాను. ఆయనకు నేను చెప్పిన మొదటి అబద్ధం అదే. ఆయన మొహం వెలిగిపోయింది. ఆ అబద్ధానికి నాకు ఈ పొద్దుకీ బాధ లేదు.

విదేశాంగ శాఖలో ఉద్యోగం వచ్చింది. అక్కడ అందరూ నన్ను రాజాసాబ్ అనేవాళ్ళు. మొదట్లో వద్దనేవాణ్ణి. మా నగరులో శెనక్కాయల మూటలుంటాయని నవ్వుతూ చెప్పేవాణ్ణి. తర్వాత చెప్పడం మానేసినాను. ఎందుకంటే, ఆ పిలుపుకు విలువ ఉందని తెలిసింది. విందుల్లో నన్ను పెద్దవాళ్ళ పక్కన కూర్చోబెట్టేవాళ్ళు. నాకంటే తెలివైనవాళ్ళు బల్ల చివరన కూర్చునేవాళ్ళు. ఒకసారి ఎవరో, మీ ఇంట్లో ఏనుగులున్నాయా అని అడిగితే, ఉన్నాయి అన్నాను. రాతివని అనలేదు. అట్లా మొదలైంది. తర్వాత ఎవరూ అడక్కపోయినా నేనే చెప్పేవాణ్ణి.

అరబ్బీ నేర్చుకోమని కైరోకు పంపినారు. అక్కడ రెండేళ్ళు, యూరప్‌లో మూడేళ్ళు. తర్వాత గల్ఫ్‌లో ఒక చిన్న దేశానికి వేసినారు. అక్కడికి పోయే ముందు సెలవులో ఇంటికి వచ్చినాను. దస్తగిరి సాయిబు నగరుకు వచ్చినాడు, ఈసారి కొలతలకు కాదు. షరీఫా మొగుడు లారీ డ్రైవరు. వేలూరులో ఇంకొక సంసారం పెట్టుకుని ఇటు రావడం మానేసినాడంట. షరీఫా నాయన దగ్గరికి వచ్చేసింది. గల్ఫ్‌లో ఇంటిపనికి మనుషులను పంపించే ఏజెంటు ఒకడు వచ్చి అడుగుతున్నాడంట.

"మీరు పొయ్యే దేశమేనంట దొరా," అన్నాడు సాయిబు. "మీరు ఆడ ఉంటారంటే పంపిస్తా. లేకుంటే లేదు."

నేనున్నాను కదా, పంపించు అన్నాను. అంత సులభంగా అన్నాను. కాఫీ తాగుతూ అన్నాను. ఆ ముసలాయన నా మాట మీద కూతుర్ని సముద్రం దాటిస్తున్నాడని ఆ నిమిషంలో నాకు తట్టనే లేదు.

ఆ దేశం చిన్నది. పెద్ద ఇళ్ళు పట్టుమని ఇరవై లేవు. ఏజెంటు ఆమెను పంపించిన ఇల్లు అక్కడి ప్రభుత్వంలో ఒక పెద్ద అధికారిది. నేను తరచూ విందుకు పోయే ఇల్లు. ఆయన తల్లి ముసలావిడకు మా సంస్థానం కథలంటే ఇష్టం. ఆ ఇంటికి షరీఫా వచ్చిన సంగతి నాకు తెలియదు. ఒక సాయంత్రం కాఫీ పళ్ళెం పట్టుకుని ఆమె లోపలికి వచ్చింది. నన్ను చూసి ఆగిపోయింది. మొహమంతా నవ్వు. ముసలావిడ గమనించి, ఈయన నీకు తెలుసా అని అడిగింది. మా ఊరి దొర అని చెప్పింది షరీఫా. ఆ కొన్ని నెలల్లోనే అంత అరబ్బీ నేర్చుకుంది. అప్పుడు ముసలావిడ అడిగింది, ఈయన ఇంట్లో ఏనుగులున్నాయంటాడు, నిజమేనా అని.

షరీఫా నా వైపు చూసింది. "ఉన్నాయమ్మా, వాకిట్లోనే రెండు," అని చెప్పి, కాఫీ పోసి, లోపలికి పోయింది.

నాకు ఆ పొద్దు ఆమె మీద కృతజ్ఞత పుట్టాలి కదా? పుట్టింది. కానీ దాని కింద ఇంకొకటి పుట్టింది. భయం. నా గుట్టు తెలిసిన మనిషి ఒకరు ఈ ఇంట్లో ఉన్నారు. ఆమె తలచుకుంటే ఏ పొద్దయినా నా ఏనుగులు రాయి అయిపోతాయి. ఆమె ఎన్నడూ తలచుకోలేదు. అయినా అప్పటినుంచి ఆ ఇంటికి పోతే ఆమె వైపు చూడటం మానేసినాను. పలకరించడం మానేసినాను. నేనున్నానని మాటిచ్చినవాణ్ణి.

రెండేళ్ళు గడిచినాయి. ఆ ఎండాకాలంలో మనదేశం కూలీలు అరవై మంది దాకా అక్కడ చిక్కుకుపోయినారు. పని చేయించుకున్న కంపెనీ మూసేసి పోయింది, కాగితాలు చెల్లవని వాళ్ళను ఒక షెడ్డులో పెట్టినారు. వాళ్ళను ఇంటికి పంపే కాగితం మీద సంతకం పెట్టాల్సింది ఆ అధికారి. మా రాయబారి ఆ పని నాకు అప్పజెప్పినాడు. ఆయనతో మీకు చనువు కదా రాజాసాబ్ అన్నాడు.

ఆ వారంలోనే, ఒక మధ్యాహ్నం, షరీఫా మా ఆఫీసుకు వచ్చింది.

మనవాళ్ళ పాస్‌పోర్టులూ పంచాయితీలూ చూసేది నేనే. నా గదిలో అప్పుడు ఉత్తరాది గుమాస్తా ఒకాయన ఉన్నాడు. ఆ అధికారి ఇంటి డ్రైవరు ఆమె వెనకాలే వచ్చి తలుపు దగ్గర నిలబడినాడు. ఆమె ఎండలో నడిచి వచ్చింది. చెప్పులు కూడా సరైనవి లేవు. నన్ను చూడగానే తెలుగులో మొదలుపెట్టింది.

"చిన్నదొరా, మా నాయనకు పక్షవాతం వచ్చిందంట. కుడిచెయ్యి పడిపోయిందంట. ఒప్పుకున్న రెండేండ్లూ అయిపోయినాయి. పాస్‌పోర్టు ఇచ్చి పంపించమంటే వాళ్ళు పంపడం లేదు. మీరొక మాట చెప్పండి. మీరు చెప్తే ఇంటారు."

నేను తలెత్తలేదు. సొరుగులోంచి ఫారం తీసినాను. కలం మూత తీసినాను. హిందీలో అడిగినాను, పేరేమిటని.

ఫ్యాను తిరుగుతున్న చప్పుడు నాకు ఇప్పటికీ చెవుల్లో ఉంది. తర్వాత ఆమె కూడా ఉర్దూలోకి మారింది.

"షరీఫా."

"తండ్రి పేరు?"

"షేక్ దస్తగిరి."

"ఏం చేస్తారు?"

"టైలరు." కొంచెం ఆగి, "చేసేవారు," అనింది.

"ఊరు?"

"చిత్తూరు, సాబ్."

దొరా అనడం అక్కడితో మానేసింది. నేను అడిగిన ప్రతిదానికీ ఒక కొత్త మనిషికి చెప్పినట్టే చెప్పింది. ఒక్కటి కూడా, నీకు తెలుసు కదా అన్నట్టు చెప్పలేదు. నేను ఏం చేస్తున్నానో ఆమెకు నాకంటే ముందే అర్థమైంది. ఇంటివాళ్ళతో మాట్లాడతాము, ఓపిక పట్టి పనిలో ఉండాలి అని హిందీలో చెప్పినాను. ఇరుపక్షాలకూ నచ్చజెప్పడమైనది, ఆమె తన ఇష్టంతో తిరిగి వెళ్ళుచున్నది అని ఫారంలో రాసినాను. సంతకం పెట్టమన్నాను. తెలుగులో పెట్టింది. గుండ్రటి అక్షరాలు, కొలతల పుస్తకంలో రాసినట్టే. డ్రైవరు ముందు నడిచినాడు, ఆమె వెనక నడిచింది. మెట్ల దగ్గర తిరిగి చూస్తుందేమోనని నేను కిటికీ దగ్గరికి పోలేదు.

ఎందుకు చేసినాను? ఇన్నేళ్ళూ నాకు నేను ఒకటే చెప్పుకున్నాను. అరవై మంది బతుకులు ఆ ఒక్క సంతకం మీద ఉన్నాయి, ఆ వారంలో ఆ ఇంటితో పేచీ పెట్టుకోకూడదు, అందుకే. వినడానికి ఎంత బాగుంది చూడండి. ఐదు వారాలకు ఆ కూలీలు విడుదలైనారు. విమానం దగ్గర వాళ్ళతో నేను నిలబడి తీయించుకున్న ఫోటో ఉంది. సరే, అరవై మంది పోయినారు. ఆ మరుసటి రోజు పోయి అడగొచ్చు కదా ఆమె సంగతి? ఇంకా రెండు నెలలు అక్కడే ఉన్నాను. ఆ ఇంట్లో మూడుసార్లు భోంచేసినాను. అడగలేదు. పై ఉద్యోగంతో వేరే దేశానికి బదిలీ వచ్చింది, సామాను కట్టుకుని వచ్చేసినాను. ఇంకొకటి చెప్పనా? ఆ అరవై మందిలో ఒక్కరి పేరు కూడా నాకు తెలియదు. వాళ్ళ కోసమే చేసినానని ఇన్నేళ్ళు చెప్పుకున్నవాణ్ణి, ఒక్క పేరు తెలుసుకోలేదు.

కానీ నేను చెప్పడానికి కూర్చున్నది ఇది కాదు. ఇంతవరకు జరిగింది ఆమెకు తెలుసు. ఆమెకు తెలియనిది ఒకటుంది.

కొత్త దేశానికి పోయే ముందు నెలరోజులు సెలవు. నగరుకు వచ్చినాను. నాలుగు రోజులు చిత్తూరు వైపే పోలేదు. ఐదో రోజు దస్తగిరి సాయిబే కబురు పెట్టినాడు, తాను లేవలేడంట, ఒకసారి వచ్చిపొమ్మని. పోయినాను. అరుగు మీద మిషనుకు గుడ్డ కప్పి ఉంది. లోపల మంచం మీద ఆయన. కుడిచెయ్యి ఒడిలో ఊరకే పడి ఉంది. నన్ను చూసి లేచి కూర్చోబోయినాడు. వద్దంటే వినలేదు. నన్ను దగ్గరికి పిలిచి, ఎడమచేత్తో నా చొక్కా కాలరు సరిచేసినాడు, ఎవరు కుట్టినారు దొరా ఇది, మెడ దగ్గర పడలేదు అన్నాడు. ఆ చెయ్యి తగిలితే నాకు చిన్నతనమంతా ఒక్కసారిగా వచ్చి మీద పడింది. నాయన కోటు, నేల మీద పరిచిన గుడ్డముక్కలు, ఏనుగెక్కిన పిల్ల. ఆ నిమిషంలో చెప్పేసుంటే సరిపోయేది. తప్పు చేసినాను సాయిబూ, ఇప్పుడే పోయి తెప్పిస్తాను అనుంటే. నోటి దాకా వచ్చింది.

అప్పుడే ఆయన అడిగినాడు.

"మా పిల్ల ఎట్లుండాది దొరా? వస్తా వస్తానని జాబు రాస్తాది. రాదు. ఎందుకు రాలేదు?"

ఆయన కళ్ళల్లో నా మీద అనుమానం రవ్వంత లేదు. అదే నన్ను పిరికివాణ్ణి చేసింది. నేనన్నాను:

"బాగుంది సాయిబూ. ఆ ఇల్లు ఆమెకు నచ్చింది. ఇంకా కొన్నాళ్ళు అక్కడే ఉంటానంటోంది. ఇప్పుడే రానని నాతోనే అనింది."

అదే ఆ మాట. ఇన్నేళ్ళూ మోసింది అదే.

ఆయన దిండు కింద నుంచి జాబులు తీసినాడు. ఆమె పంపినవి. ఆ జాబులన్నీ ఆమె పనిచేసే ఇంటివాళ్ళు చూసి పోస్టు చేసేవి, కాబట్టి ఆమె అసలు సంగతి రాయలేకపోయింది. త్వరలో వస్తాను నాయనా అని మాత్రం రాసేది. ఆయన ఎడమచేత్తో వాటిని సర్ది మళ్ళీ దిండు కింద పెట్టేసినాడు.

"జాబులో వస్తానని రాస్తాది. మీతో రానని చెప్పింది. మీరు కండ్లారా సూసినవారు. మీ మాటే నిజం," అన్నాడు. తర్వాత, "సుకంగా ఉంటే సాలు," అన్నాడు.

టీ ఇప్పించినాడు. తాగినాను. వచ్చేసినాను.

మరుసటి ఏడాది ఆయన పోయినాడు. నేను అప్పుడు ఆఫ్రికాలో ఉన్నాను. మా తమ్ముడు రాసిన జాబులో చివర ఒక వాక్యంగా వచ్చింది ఆ సంగతి. మన బట్టలు కుట్టే సాయిబు కాలం చేసినాడు అని. ఆ మధ్యాహ్నం అక్కడి మంత్రితో ఒక సమావేశం ఉండింది. పోయినాను, మాట్లాడినాను. బాగానే మాట్లాడినానని అందరూ అన్నారు. షరీఫా ఇంకో ఏడాదిన్నరకు, ఆ ముసలావిడ చనిపోయినాక గానీ తిరిగి రాలేకపోయింది.

తర్వాత నా బతుకు మీకు ఊహించుకోగలిగినట్టే సాగింది. రాయబారినైనాను. మంచు కురిసే దేశాల్లో, కొబ్బరి చెట్ల దీవుల్లో, మన జెండా కట్టిన కారులో తిరిగినాను. రాజభవనాల్లో నా నియామక పత్రాలు సమర్పించినాను. మంచి రోజులే, కాదనను. ఎక్కడున్నా మార్చి నెల వస్తే మా ఊరి మామిడిపూత వాసన గుర్తొచ్చేది, పాకాల స్టేషనులో కాట్పాడి బండి కోసం కూర్చున్న సిమెంటు బల్ల గుర్తొచ్చేది. సెలవుల్లో తిరపతి దాకా వచ్చేవాణ్ణి. కాణిపాకం పోయి వినాయకునికి దండం పెట్టుకునేవాణ్ణి. ఆ దేవుని ముందు జనం ప్రమాణాలు చేస్తారు, అబద్ధమాడరు. నేను కళ్ళు మూసుకుని, ఏమీ మాట్లాడకుండా బయటికొచ్చేవాణ్ణి. అక్కడికి చిత్తూరు ఎంత దూరం? అరగంట కూడా పట్టదు. పోలేదు.

రిటైరైనాక తిరపతిలో స్థిరపడినాను. పోయినేడు ఒక మిత్రుడు నా అనుభవాలు పుస్తకంగా వేద్దామన్నాడు. ఆ అరవై మంది కూలీల అధ్యాయం ఆయనకు బాగా నచ్చింది. దాన్నే ముందు పెడదామన్నాడు. చిన్ననాటి ఫోటోలేమైనా ఉన్నాయా అని అడిగినాడు. ఇంటర్వ్యూకి పోయే ముందు కొత్త కోటు వేసుకుని నేను, పక్కన సాయిబు, తిరపతి స్టూడియోలో తీయించుకున్న ఫోటో ఒకటుండాలి. నా దగ్గర లేదు. ఆ సాకుతో ఈ మధ్యనే చిత్తూరు పోయినాను. సాకు అని అప్పుడే తెలుసు నాకు.

బజారులో అరుగు లేదు. సాయిబు కూతురు ఎక్కడని అడిగితే ఒక మేడ మీదికి చూపించినారు. పైన పది మిషన్లు, ఆడపిల్లలు కుట్టు నేర్చుకుంటున్నారు. వాళ్ళ మధ్యలో తెల్లజుట్టు, కళ్ళద్దాలు, మెడలో టేపు. నేను గుర్తుపట్టే లోపలే ఆమె గుర్తుపట్టింది.

"రాండి చిన్నదొరా," అనింది.

కుర్చీ వేయించింది. టీ తెప్పించింది. ఫోటో ఉందని, వెతికి ఇస్తానని చెప్పింది. ఎన్ని బ్యాచుల పిల్లలకు నేర్పిందో చెప్పింది. నేను గొంతు సవరించుకుని, ఆ పొద్దు ఆఫీసులో అని మొదలుపెట్టినాను. ఆమె చెయ్యెత్తి ఆపింది. కోపంగా కాదు. అదెప్పుడో మర్చిపోయినాను అనలేదు, క్షమించినాననీ అనలేదు. మీరు తెలుగులో మాట్లాడుంటే ఆడనే ఏడ్చేసుందును, హిందీలో అడిగినారు గనక కాళ్ళ మీద నిలబడి తిరిగి పోగలిగినాను, అది మాత్రం గుర్తుండాది, అనింది. ఇంక దాని గురించి వద్దంది. నా కోసం వద్దన్నదో తన కోసం వద్దన్నదో తెలియలేదు.

లేవబోతుంటే ఆమె గొంతు మారింది. పిల్లలకు వినపడకుండా కొంచెం దగ్గరికి వచ్చింది.

"దొరా, ఒకటి అడగాల మిమ్మల్ని. మీరు ఆ దేశం నుంచి వచ్చిన సెలవులో నాయనను సూసినారంట, పక్కింటోళ్ళు చెప్పినారు. అప్పటిదాకా నా ప్రతి జాబుకూ ఎవురితోనో బదులు రాయించేవాడు. ఆ తర్వాత పోయేదాకా ఒక్కదానికీ రాయించలేదు. ఏడాది. పదకొండు జాబులు రాసినా. నా మీద కోపమొచ్చిందా ఆయనకు? ఏమన్నా అన్నాడా మీతో?"

పదకొండు. ఆమె లెక్కపెట్టుకుని ఉంది.

ఇంత కంటే తేలికైన చోటు దొరుకుతుందా చెప్పడానికి? ఆమే అడిగింది. జవాబు తెలిసినవాణ్ణి ప్రపంచంలో నేనొక్కణ్ణే. నేనన్నాను, కోపమేముంది షరీఫా, చెయ్యి లేదు కదా, రాసిపెట్టేవాళ్ళు ఆ ఏడాది దొరకలేదు, నువ్వంటే ప్రాణం ఆయనకు, వస్తావనే చూస్తుండినాడు, నాతో అదే అన్నాడు.

ఆమె కళ్ళద్దాలు తీసి కొంగుతో తుడుచుకుంది. ఇన్నేండ్ల తర్వాత మంచి మాట చెప్పినారు అనింది. నా చేతులు పట్టుకుంది.

ఆ చేతుల్లోంచి నా చేతులు ఎట్లా తీసుకున్నానో నాకు తెలియదు. మెట్లు దిగి బస్టాండు దాకా నడిచినాను. దయతో చెప్పినానా ఆ అబద్ధం? ముసలితనంలో ఆమెకు కొంచెం నెమ్మది ఇద్దామనా? లేక మళ్ళీ నన్నే కాపాడుకున్నానా? బస్సులో తిరపతి దాకా అడుక్కున్నాను. దయ అనుకుంటే నాకు అనుకూలంగా ఉంటుంది. నాకు అనుకూలంగా ఉండే జవాబులను నేను ఇంక నమ్మలేను.

అందుకే ఇది రాసినాను. పుస్తకం వేసే మిత్రునికి నిన్న ఫోను చేసి, కూలీల అధ్యాయం పక్కనే ఇదీ వెయ్యాలి, లేకుంటే అదీ వద్దు అని చెప్పినాను. అదీ ఇదీ పక్కపక్కన ఉంటే నువ్వెవరో అందరికీ తెలిసిపోతుంది, ఇప్పుడెందుకు అవన్నీ అన్నాడు. తెలిస్తే తెలియనీ అన్నాను. ఆ భయం పోయిందని కాదు. భయంతోనే అన్నాను. ఆమె మాటేమిటి? ఆమె తెలుగు బాగా చదువుతుంది. పేర్లు మార్చినాను గానీ జరిగింది మార్చలేదు. ఎవరో ఒకరు ఆమెకు చూపిస్తారు, రెండు పేజీలు తిప్పేసరికి ఆమె గుర్తుపడుతుంది. నేను మొన్న ఇచ్చిన నెమ్మది అప్పుడు పోతుంది. అది ఇవ్వడానికి నాకు హక్కు లేదు. తీసుకోవడానికి ఉందా? తెలియదు. నిజం ఆమెది, దాన్ని నేను దాచుకుని ఉన్నాను అన్నది మాత్రం తెలుసు.

క్షమించమని అడగను. అడిగితే మళ్ళీ ఆమె మీద ఒక పని పెట్టినట్టవుతుంది. ఒకటి మాత్రం నిజం. ఈ కాగితాల మీద ఆ మాట రాసినాక, ముప్పై ఎనిమిదేళ్ళలో మొదటిసారి, ఊపిరి లోపలి దాకా పోయినట్టుంది. దానికి నేను తగనని తెలుసు. అయినా పోయింది.

షరీఫా, ఇది నువ్వు చదివేటప్పటికి, మొన్న నేను చెప్పింది మర్చిపో. మీ నాయన అడిగినాడు, నువ్వు ఎందుకు రాలేదని. రానన్నావని నేను చెప్పినాను. నువ్వు అనలేదు. నీ జాబులు నమ్మాల్సిన మనిషి నా మాట నమ్మినాడు. అందుకే బదులు రాలేదు.